గరువు మీద గాలి బేరం

ద్వారకా నగర్‌లో దొరకనిదంటూ లేదని మా వీధివాళ్ళం గర్వంగా చెప్పుకుంటూ ఉంటాం. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి రోడ్డు దాటిన పల్లెటూరి మనిషి సాయంకాలం తిరిగి బస్సెక్కేలోగా కళ్ళజోడు కొనుక్కోవచ్చు, పిల్లవాణ్ణి కోచింగు సెంటరులో చేర్పించవచ్చు, శుభలేఖలు అచ్చువేయించవచ్చు, పన్ను పీకించుకోవచ్చు. ఇంకా ఓపిక మిగిలితే పౌర గ్రంథాలయంలో పంకా కింద కూర్చుని పేపరు చదువుకోవచ్చు. ఇక్కడ అమ్మనిదీ కొననిదీ ఒక్క గాలి మాత్రమే అనుకునేవాణ్ణి నేను. క్రిందటి వేసవిలో ఆ ముచ్చటా తీరింది.

ఒకనాటి మధ్యాహ్నం మా బావగారు, అంటే మా అక్కయ్య పెనిమిటి, శృంగవరపుకోట బస్సు దిగి చెమటలు కక్కుతూ మా యింటికి వచ్చారు. చంకలో ఒక ప్లాస్టిక్ ఫైలు. మంచినీళ్ళయినా తాగకుండా ఫైలు నా చేతిలో పెట్టి, "ఒరేయ్, నువ్వు పోర్టులో ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు రాశావు గదా, ఇది కాస్త చదివి పెట్టు. మా గరువు మీద గాలి కొంటారట!" అన్నారు.

మా ఆవిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "గాలి కొనడమేమిటి అన్నయ్యగారూ?"

"కొనడమే అమ్మా. ఈ వీధిలోనే, నాలుగు సందుల అవతల ఆఫీసు. ఏసీ గది. కుర్రాడు బహు మర్యాదస్థుడు. టీ కూడా ఇచ్చాడు."

కాగితాలు తిరగేశాను. సంగతి ఇది. బావగారికి కోట దాటాక నాలుగెకరాల గరువు ఉన్నది. గరువంటే మా వైపు ఇసుక కలిసిన మెట్ట; చోళ్ళకూ, నువ్వులకూ, ఉలవలకూ తప్ప పనికిరాదు. కొడుకులిద్దరూ ఊళ్ళు పట్టుకుపోయాక పన్నెండేళ్ళుగా దుక్కి లేదు. ఆ నేలలో జామాయిల్ మొక్కలు ఉచితంగా వేస్తారు. చెట్లు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఎంత పీల్చాయో కొలుస్తారు. టన్నుకు ఒక క్రెడిట్ చొప్పున ఎక్కడో పొగ వదిలే కంపెనీవారికి అమ్ముతారు. అందులో బావగారికి వాటా. ఒప్పందం ముప్ఫై ఏళ్ళు.

"బావా, మీకిప్పుడు డెబ్బై అయిదు," అన్నాను.

"అదే నేనూ ఆ కుర్రాడితో అన్నాను. ఆఖరి వాయిదా నా నూట అయిదో ఏట అందుతుందన్నమాట. చాలా ఆరోగ్యకరమైన పథకం!"

నా ఉద్యోగం పోర్టులో టాలీ గుమాస్తా. ఓడలోకి ఎక్కిన ఇనుప ఖనిజమూ, ఓడనుంచి దిగిన బొగ్గూ కాగితం మీద పెట్టడమే నా జీవితమంతా. కనిపించే బొగ్గును టన్నుల్లో రాసినవాణ్ణి. కనిపించని బొగ్గును ఎలా రాస్తారో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. మర్నాడు ఉదయం గ్రంథాలయానికి వెళ్ళి కూర్చున్నాను. నాలుగు రోజులు కూర్చున్నాను. అక్కడ పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ళు నన్ను కూడా ఏదో గ్రూపు పరీక్ష అభ్యర్థి అనుకున్నారు కాబోలు, జాలిగా చూసేవారు.

లెక్క నిజానికి చీకాకైనది కాదు. చెట్టు కర్రను బాగా ఎండబెడితే ఆ బరువులో ఇంచుమించు సగం కర్బనం. కర్బనం అణుభారం 12. దానికి రెండు ప్రాణవాయువు పరమాణువులు అతుక్కుంటే బొగ్గుపులుసు వాయువు బరువు 44. కనుక నూరు కిలోల ఎండుకర్రలో యాభై కిలోల కర్బనం ఉంటే, దానికోసం చెట్టు గాలినుంచి లాగినది దాదాపు 183 కిలోల వాయువు. నేల కింద వేళ్ళ బరువు మరొక పావువంతు కలుపుకోవచ్చు. చెట్టును నరికి తూచలేరు గనుక మనిషి గుండె ఎత్తున టేపు చుట్టి లావు కొలుస్తారు, ఎత్తు కొలుస్తారు, పట్టికలు చూచి బరువు కడతారు. మా ఆవిడకు చెబితే, "దర్జీ కొలతలతో మనిషి బరువు చెప్పినట్లున్నదే!" అన్నది. సరిగ్గా అంతే.

ఇది నిన్న పుట్టిన వింత కూడా కాదు. 1997లో జపాను దేశంలోని క్యోటో నగరంలో దేశాలన్నీ కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నాయి. 2005లో అది అమలులోకి వచ్చింది. ధనిక దేశాలు తాము తగ్గించవలసిన పొగలో కొంత భాగాన్ని మనవంటి దేశాల్లో మంచి పని చేయించి జమ వేసుకోవచ్చునని అందులో ఒక వెసులుబాటు. ఆ పద్ధతిలో భద్రాచలం ఎదుట, గోదావరి అవతలి ఒడ్డున సారపాక కాగితం మిల్లు నడిపే ఐటీసీవారు అప్పటి ఖమ్మం జిల్లాలో 3,070 హెక్టార్ల సారం పోయిన భూములలో జామాయిల్ వేయించారు. రైతుల్లో చాలామంది గిరిజనులు. 2009లో అది నమోదయింది. ఏడాదికి సుమారు 57 వేల టన్నుల వాయువును పీల్చగలదని అంచనా.

మన విశాఖ పేరు కూడా ఆ చిట్టాలో ఉన్నది. రాయగడ దగ్గర కాగితం మిల్లున్న జేకే పేపర్ వారూ, వేద అనే సంస్థవారూ కలిసి ఒరిస్సాలో రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాలు, ఇటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలలో చిన్న రైతుల మెట్టల్లో జామాయిలూ సరుగుడూ వేయించారు. 2011లో నమోదయిన ఆ పథకంలో క్రెడిట్లు కొనడానికి ముందుకు వచ్చింది ప్రపంచ బ్యాంకువారి బయోకార్బన్ ఫండ్. విశాఖనుంచి రాయగడ రైలెక్కి పార్వతీపురం మీదుగా ఎన్నిసార్లు వెళ్ళలేదు నేను! కిటికీలోంచి కనిపించే ఆ బూడిదరంగు ఆకుల తోటల్లో కొన్ని వాషింగ్టన్ చిట్టాలో ఉండవచ్చునని తోచనే లేదు.

అయితే చెట్టు లెక్కకు ఒక దిగులు ఉన్నది. బొగ్గు తవ్వకుండా ఆపితే ఆ బొగ్గు భూమిలోనే ఉంటుంది. చెట్టు అలా కాదు. రేపు కాలిపోవచ్చు, కూలిపోవచ్చు, కాగితమై, పొట్లమై, చెత్తకుప్పలో మంటై మళ్ళీ గాలిలో కలవవచ్చు. అందుకని క్యోటో పద్ధతిలో చెట్ల క్రెడిట్లను తాత్కాలికమన్నారు. గడువు తీరగానే కొన్నవాడు వాటికి బదులు వేరేవి తెచ్చి పెట్టాలి. తాకట్టు నగవంటి వస్తువుకు గిరాకీ ఎక్కడిది? ఐరోపా మార్కెట్టు వాటిని గుమ్మం ఎక్కనివ్వలేదు. క్యోటో పద్ధతిలో నమోదయిన ప్రాజెక్టులు ఎనిమిది వేలకు చేరువగా ఉంటే వాటిలో చెట్ల పెంపకానివి నూటికి ఒకటి కూడా లేవు. ఆ రోజుల్లో చెట్ల క్రెడిట్ ధర టన్నుకు అయిదు డాలర్ల చుట్టుపట్లే ఆడింది.

ఇప్పుడు నడుస్తున్నది చాలావరకు స్వచ్ఛంద మార్కెట్టు. క్రెడిట్లను నమోదు చేసే ప్రైవేటు రిజిస్ట్రీలు ఉన్నాయి. ఇవి తాత్కాలికం అనే మాట వదిలి, వచ్చిన క్రెడిట్లలో కొంత భాగం అమ్మకుండా పక్కన పెట్టిస్తాయి, రేపు గాలివాన వస్తే పూడ్చడానికి. విత్తనాలకు గాదెలో గింజలు తీసిపెట్టినట్లు. మన దేశం కూడా 2023లో సొంత క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటించింది.

బావగారి నాలుగెకరాలకు లెక్క కట్టి చూశాను. ఖమ్మం అంచనాను పట్టుకుంటే ఎకరానికి ఏడాదికి ఏడున్నర టన్నులు; నాలుగెకరాలకు ముప్ఫై. టన్నుకు అయిదు డాలర్లే అనుకుందాం, నూట యాభై డాలర్లు. మన రూపాయల్లో పన్నెండు పదమూడు వేలు. అందులోంచి కొలిచేవారి కూలి, తనిఖీదారుల ఫీజు, మధ్యవర్తి వాటా పోవాలి. ధర పెరిగితే పెరుగుతుంది, కాదనను. కాని గాలి మీదకంటే కర్ర మీదే రైతుకు వచ్చేది ఎక్కువ. ఆ మాట ఏసీ గదిలో కుర్రాడు కూడా దాచలేదట.

ఇంతవరకు నాకు అభ్యంతరం కనబడలేదు. అయిదో పేజీలో ఆగాను. పట్టిక. "ప్రస్తుత భూ వినియోగం: ఖాళీ. పశువుల మేత: లేదు. స్థానభ్రంశం చెందు పశువుల సంఖ్య: 0."

"బావా, మీ గరువులో మేకలు మేయవూ?"

"మేయకపోవడమేమిటి? మా నాన్న హయాంనుంచీ మేస్తున్నాయి."

"మరి ఇక్కడ సున్నా రాసి ఉన్నదే."

బావగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు ఆ సున్నావంక చూశారు. టాలీ గుమాస్తాకు సున్నా చాలా పెద్ద అంకె. ఓడనిండా సరుకు ఉండగా సున్నా వేస్తే మా రోజుల్లో ఉద్యోగమే పోయేది. "పదండి, చూచి వద్దాం," అన్నాను.

తెల్లవారకట్ల కాంప్లెక్సులో బస్సెక్కాం. గోపాలపట్నం, పెందుర్తి దాటేసరికి ఊరు వదిలినట్లు కాస్త నమ్మకం కలుగుతుంది. మునుపైతే ఆ నమ్మకం ఎన్.ఏ.డి. దగ్గరే కలిగేది. కొత్తవలసలో కిరండూల్ లైను ఎడంగా చీలుతుంది. బస్తరు కొండలనుంచి వచ్చే ఆ ఖనిజం బళ్ళను చూస్తే నా చెయ్యి ఇప్పటికీ జేబులో పెన్సిలు వెతుకుతుంది. లక్కవరపుకోట దాటాక జీడిమామిడి తోటలు, తాటిచెట్లు, దూరాన అనంతగిరి కొండల నీలం గీత. ఇదే రోడ్డు అరకు పోతుంది. సందర్శకుల కార్లు రయ్యిన దూసుకుపోతాయి; గరువులవైపు చూసేవారు ఉండరు. చూడటానికి మాత్రం ఏమున్నది గనుక?

ఉన్నదని తరువాత తెలిసింది. గట్టు దిగి లోపలికి పోతే రేగు కంపలు, బలుసు పొదలు, నాలుగు తుమ్మలు, మధ్య మధ్య గరిక. నేల ఎర్రగా, అక్కడక్కడ వాన కోసిన చారలతో ఉన్నది. నిజంగానే సారం లేని నేల. చెట్టు పడితే మంచిదే అనిపించింది నాకు కూడా. అంతలో చిన్న గంటల చప్పుడు. తుమ్మచెట్టు కింద కర్ర ఊతగా ఒక ముసలమ్మ నిలబడి ఉన్నది. పొడుగాటి గడకు కొక్కెం కట్టి కొమ్మ వంచి కాయలు దులుపుతున్నది. మేకలు ఆమె కాళ్ళ చుట్టూ మూగి పరపర నములుతున్నాయి.

నా చేతిలో కాగితం చూచి, "ఏటి బాబూ, కొలత్తన్నారేటి?" అన్నది.

బావగారు సంగతి చెప్పారు, చెట్లు వేయిద్దామనుకుంటున్నానని.

"ఏ సెట్లు?"

"జామాయిల్."

"దాన్ని మేక ముట్టదు." అంతే అన్నది. తరువాత కాసేపటికి, "ఏసేటప్పుడు కంచె కడతారు గావాల. మొక్క మేక మూతికి అందకుండా. మరి మాయి ఎటెల్తాయి?" అన్నది.

"ఊరికి మందబయలు ఉండాలి గదా?" అన్నాను. ప్రతి పాత గ్రామంలోనూ పశువులు నిలవడానికి రెవెన్యూవారు విడిచిన జాగా ఉంటుందని నాకు తెలుసు.

ముసలమ్మ నవ్వింది. "ఉండీది. సగం మీద ఇళ్ళ పట్టాలిచ్చినారు. మిగిలిందాంట్లో వాటరు టేంకీ, అంగనవాడీ. కొండకెల్దామంటే పారెస్టోలు పట్టుకుంతారు. ఈ గరువులే మాకు మిగిలినాయి." ఆమె మాటలో ఫిర్యాదు లేదు, బస్సు వేళలు చెప్పినట్లు చెప్పింది.

తరువాత బావగారివంక తిరిగి, "మీ అయ్యగారు బతికున్నన్నాళ్ళూ కోతలయినాక మా మంద ఈ గరువులోనే కట్టీవోళ్ళం. పది రాత్రులు కడితే కుంచాల లెక్కన సోళ్ళు కొలిసీవోరు. ఆ ఎరువుకే ఈ నేల పండీది బాబూ. మీకు జ్ఞాపకముంతాదో నేదో," అన్నది.

బావగారికి జ్ఞాపకమే. ముఖం చూస్తే తెలిసింది. మేక మేసినందుకు రైతు సొమ్ము పుచ్చుకోవడం కాదు, రైతే మేకలవాళ్ళకు ధాన్యం కొలిచేవాడు! కాగితంలో 'ఖాళీ' అని రాసిన ఈ నేల మీద అంత పాత పద్దు ఒకటి నడిచింది. ఏ రిజిస్ట్రీలోనూ నమోదు కాలేదు, అంతే.

నేను గట్టు మీద కూర్చుని నా పాత విద్య ప్రదర్శించాను. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అయిదో అడ్డగీత. మేకలు బస్తాలవలె నిలబడవు. మూడుసార్లు తప్పి నాలుగోసారి కుదిరింది. ఆమెవి యాభై మూడు. మిగిలిన రెండిళ్ళవి కూడా ఆ పూట అక్కడే తగిలాయి. మేకలు ఎనభై ఆరు, గొర్రెలు నలభై. మొత్తం నూట ఇరవై ఆరు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఆ పట్టికలో మేత గడి ఊరికే పెట్టినది కాదు. క్యోటో నాటినుంచీ అది ఉన్నది. ఒకచోట చెట్లు వేసి పశువులను తోలేస్తే, అవి వేరొకచోట అడవిని మేసి, నరికించి, నేలను బోడి చేస్తే ఇక్కడ జమ అయినది అక్కడ ఖర్చయిపోయినట్లే గదా. ఆ ఖర్చును తీసివేసి మిగిలినదే క్రెడిట్. దాన్ని 'లీకేజీ' అంటారు, కుండకు చిల్లివంటిదన్నమాట. పశువులకు చాలినంత మేత మరొకచోట నిజంగా ఉంటే తీసివేత అక్కరలేదు. అందుచేత ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి, లెక్కపెట్టాలి. అదొక్కటే నియమం కాదు. చెట్లు వేసే నేలలో 1989 డిసెంబరు 31 నాటికి అడవి ఉండకూడదని క్యోటోవారు గిరి గీశారు. క్రెడిట్ల కోసం ఉన్న అడవి నరికి కొత్తది వేస్తారేమోనని భయం. ఇప్పటి రిజిస్ట్రీలు గడచిన పదేళ్ళలో సహజ వృక్షసంపద నరకలేదని రుజువు అడుగుతాయి. ఇంత తెలివిగా కట్టిన కోటకు దొడ్డిదారిలో ఎవరో కుర్రాడు ఒక సున్నా వేసి తలుపు తీసిపెట్టాడు.

తిరుగు బస్సులో బావగారు మాట్లాడలేదు. పెందుర్తి దగ్గర మాత్రం, "హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ పక్క తోట జీడిమామిళ్ళన్నీ వేళ్ళతో లేచిపోయాయిరా. అప్పటికి వీళ్ళ చెట్లుంటే ఎవరి ఖాతాలో రాసేవారో," అన్నారు. 2014 అక్టోబరు 12 మా విశాఖవాళ్ళెవరూ మరిచిపోయే తేదీ కాదు. మర్నాడు ఉదయం ద్వారకా నగర్‌లో గుమ్మం తెరిస్తే వీధి కొత్తగా, వెలుతురుగా, ఏదో పరాయి ఊరులా కనిపించింది. నీడనిచ్చే చెట్లన్నీ రోడ్డుకడ్డంగా పడుకుని ఉన్నాయి. అరకు కొండల మీద కాఫీతోటలకు నీడపట్టే సిల్వర్ ఓక్‌లు కూడా ఆనాడు విరివిగా విరిగిపోయాయి.

అరకు మాట వచ్చింది గనుక చెబుతున్నాను. అక్కడ కూడా గాలి బేరం జరిగింది, కాని కాస్త వేరుగా. నాంది ఫౌండేషన్ వారి ద్వారా ఫ్రెంచి కంపెనీలు కొన్ని కలిసిన లైవ్లీహుడ్స్ ఫండ్ పెట్టుబడి పెట్టి, సుమారు 6,000 హెక్టార్లలో ముప్ఫై లక్షల మొక్కలు వేయించింది. మామిడి, జీడిమామిడి, కాఫీ, కలపచెట్లు కలగలుపుగా. క్రెడిట్లు పెట్టుబడి పెట్టినవారికి. పండూ గింజా గిరిజన రైతుకు. గాలి మీద వాటా ఇస్తామని ఆశపెట్టకుండా చెట్టే ఇచ్చేశారన్నమాట. నా చిన్న బుద్ధికి అది తేటగా ఉన్న బేరమనిపించింది. కాని అక్కడి వానలు వేరు. మా గరువుల్లో కాఫీ మొలవదు.

ఆ రాత్రి మేడ మీద పడుకున్నాను. దక్షిణాన ఉక్కు కర్మాగారం వైపు ఆకాశం ఎర్రగా ఉన్నది. నిద్రపట్టక మరొక లెక్క వేశాను. కోక్ బొగ్గుతో మన దేశంలో టన్ను ఉక్కు కాస్తే సుమారు రెండున్నర టన్నుల వాయువు గాలిలో కలుస్తుంది. మా కర్మాగారం పూర్తి సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు, అనగా రోజుకు ఇరవై వేలు. ఖమ్మంలో ఆ మూడు వేల హెక్టార్ల చెట్లు ఏడాది పొడుగునా పీల్చే వాయువు, మా కొలిమి పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఒక రోజూ, మరొక మూడు నాలుగు గంటలూ వదిలేదానికి సరి. తప్పు వేశానేమోనని లేచి దీపం వెలిగించి మళ్ళీ వేశాను. అంతే వచ్చింది. ఉక్కు వద్దని నేననను. ఆ ఉక్కు కోసం ఈ ఊరు ఎంత పోరాడిందో నా వయసువాళ్ళకు తెలుసు. కాని ఆ ఒక్క రోజును పూడ్చడానికి ఎన్ని గరువులు, ఎన్ని మేకలు కదలాలో అని మాత్రం అనుకున్నాను.

మర్నాడు బావగారూ నేనూ నాలుగు సందులు నడిచి ఆ ఆఫీసుకు వెళ్ళాం. కుర్రాడు నిజంగానే మర్యాదస్థుడు. లేచి నిలబడి, "కూర్చోండి అంకుల్," అన్నాడు. నేను నా టాలీ కాగితం బల్లమీద పెట్టాను. అతను గీతలు చూచి మొదట అర్థం కాక, తరువాత అర్థమై, కొంచెం ఎర్రబడ్డాడు.

"అది ఫారంలో ముందే అచ్చయి వచ్చిందండి. అన్ని గరువులకూ అలాగే..."

"అన్ని గరువుల్లోనూ మేకలు లేవా నాయనా?" అన్నారు బావగారు.

కుర్రాడు జవాబు చెప్పలేదు. సంఖ్య రాస్తే పైవాళ్ళు ప్రశ్నలు వేస్తారనీ, మేకలకు మేత ఎక్కడో చూపించాలనీ, లేకపోతే క్రెడిట్లలో కోత పడుతుందనీ, ఒక్కోసారి ఆ భూమే జాబితానుంచి తీసేస్తారనీ వివరించాడు. దాచకుండా చెప్పినందుకు నాకు అతనిమీద గౌరవం కలిగింది.

"తీసేస్తే తీసేయనీ. నా సంతకం కింద సున్నా ఉండకూడదు," అన్నారు బావగారు. "మరొకటి. నాలుగెకరాలూ ఇవ్వను. రెండున్నర తీసుకోండి. కొండవైపు ఎకరన్నర విడిచిపెట్టండి. కంచె దానికి రాకూడదు. మేకలు రోడ్డు ఎక్కకుండా పోవడానికి ఒక బాట ఉంచాలి."

"ఎకరన్నరలో నూట ఇరవై ఆరు చాలవు గదండి?"

"చాలవు. అందుకే మిగిలినవాటిని నీ కాగితంలో రాయి."

కుర్రాడు చాలాసేపు కీబోర్డు మీద వేళ్ళాడించి, "పైకి పంపుతానండి," అన్నాడు.

ఆరు వారాలు జవాబు లేదు. మా ఆవిడ బావగారి పక్షం. నేను మటుకు ఊగిసలాడాను. ఆయనకు ఆ పన్నెండు వేలు అక్కరలేని సొమ్మేమీ కాదు. అక్కయ్య మందులకే నెలకు ఎంతవుతుందో నాకు తెలుసు. అనవసరంగా సున్నా చూపించానేమో అని రెండుమూడు రాత్రులు అనిపించిన మాట నిజం.

ఆషాఢం చివర కొత్త కాగితం వచ్చింది. రెండున్నర ఎకరాలకే. మేత గడిలో సున్నాకు బదులు 126. దాని కింద తీసివేత. గాలి వాటా మొదటి అంచనాలో సగానికి లోపే. బావగారు రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టారు.

శ్రావణంలో గుంతలు తీశారు, మొక్కలు పెట్టారు. ఫోనులో వర్తమానం చెబుతూ, మిగిలిన ఎకరన్నర గట్టుచుట్టూ ముసలమ్మ తుమ్మగింజలు చల్లిందన్నారు. మంద కట్టినచోట పెంటికల్లోంచి ఏరినవట; మేక కడుపులో పడి వచ్చిన గింజ తొందరగా మొలుస్తుందట.

"ఆ చెట్లు కూడా కాగితంలో రాయించమంటారా బావా?" అన్నాను.

"ముందు మొలవనీయరా," అన్నారు.